వెబర్ గారు ఖాళీగా వదిలిన వరస

ఆయన పేరు ఇక్కడ రాయను. ఫిల్మ్‌నగర్‌లో ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళపాటు అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచారు, తెరమీద కూడా ఆ ఒక్క పేరే వేశారు. అది పడినన్నిసార్లు పడింది. ఇంటిపేరు మాత్రం రాస్తాను. వెబర్. మీరు సరిగ్గానే చదివారు. గుంటూరు జిల్లా మనిషి, గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి, ఇంటిపేరు వెబర్.

మొన్న ఒక జర్మన్ సీరియల్‌కి తెలుగు మాటలు రాసే పని మీద డబ్బింగ్ థియేటర్లో కూర్చున్నాను. కథ అయిపోయి చివరి పేర్లు పైకి పాకుతున్నాయి. వాటినెవరు చూస్తారు? సౌండ్ ఇంజనీరు అప్పటికే టీకి లేచాడు. నేను చూస్తూ ఉండిపోయాను. లైట్ల వాళ్ళలో ఒక వెబర్, మేకప్‌లో ఒక వెబర్, వంటవాళ్ళలో ఇంకో వెబర్. ముగ్గురు! ఆయనకి చెబితే ఎంత సంబరపడతారో అనుకుని అక్కడికక్కడే ఫోన్ చేశాను. రెండేళ్ళుగా చేయనిదాన్ని, చేయడానికి మొహం చెల్లనిదాన్ని, ఆ సంతోషంలో అది కూడా మర్చిపోయాను.

వాళ్ళమ్మాయి ఎత్తింది. "నాన్న ప్రభువులో నిద్రించారు ఆంటీ, మూడు వారాలైంది. నా ఫోన్ నుంచి మీకు రెండుసార్లు చేశాను, మీరు ఎత్తలేదు. ఒక విషయం మీ మీద ఆగిపోయింది."

తెలియని నంబర్లు ఎత్తను నేను. అదొక గొప్ప అనుకుంటాను.

ఆయన పని టైటిల్స్ చూడటం. సినిమా మొదట్లోనూ చివర్లోనూ పడే పేర్లన్నీ పోగుచేసి, సరిచూసి, వరసలో పెట్టి ఇవ్వడం. ప్రొడక్షన్ మేనేజరు ఇచ్చే జాబితాలో హీరోగారి బావమరిది పేరు తప్పకుండా ఉంటుంది, నాలుగు నెలలు ఎండలో లైటు మోసినవాడి పేరు ఉండదు. అందుకని ఆయన ఆ జాబితాని నమ్మేవారు కాదు. మోతీనగర్‌లో బస్సెక్కి షూటింగ్ జరిగే చోటికే వచ్చేసేవారు. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. జనరేటర్ వ్యాన్ దగ్గరా, వంట గిన్నెల దగ్గరా నిలబడి ఒక్కొక్కరినీ అడిగేవారు.

"తమ పేరు ఎలా వేయమంటారండీ?"

డ్రైవర్లనీ తమరనే అనేవారు. మొదట్లో వాళ్ళు తికమకపడేవాళ్ళు. తరవాత ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళు. ఒకసారి ఒక లైట్‌మన్ చేతిలోని తాడు కింద పెట్టి, చేతులు తుడుచుకుని మరీ చెప్పాడు. "నా పేరు పక్కన మా నాయిన పేరు గూడ ఎయ్యి సార్. ఆయన గీ పనే చేసిండు, ఎన్నడు పడలే." అలా వేయడం రివాజు కాదు. అయినా వేశారు. మేనేజరు అడిగితే, "పేరులో భాగమేనండీ అది," అన్నారు. అంతకంటే గట్టిగా ఎవరితోనూ పోట్లాడటం నేను చూడలేదు.

ఇంకా తెలుసుకోవాల్సిన పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో "అడగవలెను" అని రాసుకునేవారు. ఎవరిని అడగాలో కూడా. జాబితాలో ఎరుపు పూర్తిగా పోయేదాకా ఆయనకి అన్నం సయించేది కాదు.

సినిమా అయిపోయి జనం మెట్ల మీద తోసుకుంటుంటే, ఈయన ఓ మూల చేతులు కట్టుకుని నిలబడి ఉండేవారు, చివరి పేరు వెళ్ళేదాకా. చీపుళ్ళతో లోపలికి వచ్చినవాళ్ళు ఆయన కోసం ఆగేవాళ్ళు. ఒకసారి నాకు కాళ్ళు పీకి, "కూర్చుని చూడొచ్చు కదండీ," అన్నాను.

"ఇంత పని చేసినవాళ్ళు ఎదురుగా వెళ్తుంటే కూర్చుంటామా అమ్మా?" అన్నారు.

ఆ జాబితాలో ఒక్క వరస మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండేది. "టైటిల్స్" అని రాసి, దాని ఎదురుగా ఒక గీత. అది ఆయన పేరు పడాల్సిన చోటు. ఎన్ని సినిమాలు చేసినా దాన్ని తనంతట తను నింపేవారు కాదు. కో-డైరెక్టరో, ఎడిటరో, ఎవరో ఒకరు నింపాలి. "మన పేరు మనం వేసుకోకూడదమ్మా. ఇంకొకళ్ళు వేస్తేనే అది పేరు," అనేవారు. చాదస్తం అని నవ్వేవాళ్ళం. చాలామందికి గుర్తుండేది కాదు, అలాంటి సినిమాల్లో ఆయన పేరే లేదు.

నేను అసిస్టెంట్ డైరెక్టరుగా ఉన్నప్పుడు ఒకరోజు శ్రీనగర్ కాలనీలో మా అద్దె ఇంటికి వచ్చారు. గుమ్మం బయటే నిలబడి కాగితం తీశారు.

"తమ పేరు అడుగుదామని వచ్చానమ్మా. పుట్టింటి పేరుతో వేయమంటారా, మెట్టినింటి పేరుతోనా?"

పెళ్ళయి అప్పటికి ఐదేళ్ళు. బ్యాంకులో, గ్యాసు కనెక్షన్‌లో, ఓటరు జాబితాలో ఎక్కడికక్కడ నా ఇంటిపేరు మారిపోయింది. నన్ను అడిగి మార్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మా ఆయన చెడ్డవాడేం కాదు, ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. "పుట్టింటి పేరుతో వేయండి," అన్నాను, ఏదో తప్పు చేస్తున్నట్టు గొంతు తగ్గించి. ఆయన ఆ పేరు కాగితం మీద రాసి, రెండుసార్లు పైకి చదివి, "బావుందమ్మా," అని మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. సినిమాలో అలాగే పడింది. మా అమ్మ హాల్లో ఏడ్చింది.

ఇక్కడ నా ఇంటిపేరు సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఈ ఇండస్ట్రీలో నా పుట్టింటి పేరు చెబితే కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ నా ప్రతిభకి వేశారని చాలాకాలం అనుకున్నాను.

మనకో అలవాటుంది కదా. కొత్తమనిషి వస్తే టీ చేతికిచ్చి, "మీ ఇంటిపేరేంటండీ?" అంటాం. ఇంటిపేరు చెబితే ఊరు, ఊరు చెబితే వీధి, వీధి చెబితే మిగతాది. అది తేలాక మనవాళ్ళయితే మొహం విప్పారుతుంది. జూబ్లీహిల్స్‌లో ఎంత అద్దాల ఆఫీసు కట్టినా లోపల నడిచేది ఈ వీధి లెక్కే. ఆయన్నీ అడిగేవాళ్ళు. "వెబర్ అండీ," అనేవారు. అంతే, అడిగినవాడి బండి బురదలో దిగబడేది. నవ్వాలో, ఇంకోసారి అడగాలో తెలిసేది కాదు. "అహఁ, అసలు ఇంటిపేరు?" అనేవారు కొందరు. "అసలుదేనండీ," అని ఈయన టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయేవారు.

"పిలవడానికైతే పేరు చాలమ్మా. ఇంటిపేరు అడిగేది తూచడానికి," అన్నారు ఒకసారి, నాతోనే. మొదటి రోజు నేనూ అడిగాను మరి. ఆయనకి గుర్తుందో లేదో. నాకు మాత్రం గుర్తుంది.

ఆ పేరు వాళ్ళింటికి ఎలా వచ్చిందో కూడా ఆయనే చెప్పారు. ముత్తాతగారి రోజుల్లో జర్మనీ నుంచి ఒక దొర వచ్చి, పేటలో గుడీ బడీ పెట్టాడట. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పుస్తకంలో రాయడానికి ఇంటిపేరు అడిగితే, ముత్తాత, "మా ఇంటిపేరు చెబితే ఊళ్ళో బడి గుమ్మం ఎక్కనివ్వరు దొరా. మీది ఇప్పించండి," అన్నాడట. దొర కాసేపు కిటికీలోంచి చూసి, తన పేరే రాశాడట. అప్పట్నుంచీ వాళ్ళు వెబర్లు. దొరకి పిల్లల్లేరు, ఆ పేరున్న కుటుంబం ప్రపంచంలో ఇక తమదొక్కటేనని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. దొరది అక్కడ జమీందారీ వంశం అని కూడా. ఆ గొప్ప ఆయన ఎవరి ముందూ చెప్పుకోలేదు. నా ముందు చెప్పుకున్నారు, కొంచెం సిగ్గుపడుతూ.

కొన్నాళ్ళకి మా సినిమా పని మీద జర్మనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, కొత్త కెమెరా సామాను మావాళ్ళకి నేర్పడానికి. ఈయన మూడు రోజులు జూబ్లీహిల్స్ ఆఫీసు వరండాలో తచ్చాడారు. నాలుగోరోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, "అమ్మా, మీ ఇంగ్లీషుతో ఒక్కమాట అడిగిపెట్టండి. మా ఇంటిపేరు వాళ్ళ దేశంలో ఎవరికైనా ఎరుకేనేమో," అన్నారు.

అడిగాను. ఆ అమ్మాయి నవ్వేసింది. "వెబరా? అక్కడ ఎటు చూసినా వెబర్లే. మా పళ్ళ డాక్టరు వెబర్, నాకు లెక్కలు చెప్పిన టీచర్ వెబర్, మా వీధిలోనే నలుగురున్నారు," అంది. నేను తెలుగులో చెప్పడానికి వెనకాడాను. ఆయన మొహంలోకి చూసి చివరికి చెప్పాను. వంశం గొప్ప అక్కడితో పోయింది. ఆయన చొక్కా జేబులో పెన్నులు సర్దుకుని, "దాని అర్థం ఏంటో అడగండమ్మా," అన్నారు.

ఆ అమ్మాయి చేతులు అటూ ఇటూ ఆడించి చూపించింది. బట్టలు నేసేవాడు. వెనకటి రోజుల్లో ఎవరి పనిని బట్టి వాళ్ళకి పేర్లు పడ్డాయట. నేతపని ఊరూరా ఉండేది కాబట్టి ఈ పేరూ ఊరూరా మిగిలిందట.

ఆయన వరండా మెట్టు మీద కూర్చున్నారు. నేను అంతకుముందు ఆయన్ని ఆఫీసులో కూర్చుని ఉండగా చూడలేదు.

"మా ముత్తాత నేసేవాడమ్మా," అన్నారు. "ముతక పంచెలు. ఊళ్ళో అందరూ అవే కట్టేవాళ్ళు. కానీ చేత్తో అందుకునేవాళ్ళు కాదు. గొడ్ల చావిడి గుంజ మీద వేసి దూరం జరగమనేవాళ్ళు. వాటి మీద నీళ్ళు చల్లి తీసుకునేవాళ్ళు. ఆయన పారేసి వచ్చింది ఆ నేతపని పేరే. పారేసి, దొర పేరు తెచ్చుకున్నాడు. దొర పేరు కూడా అదేనా!"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను, నవ్వుతున్నారు. "అయితే దొరగారు కూడా మావాళ్ళేనన్నమాట," అన్నారు. "ఒక్కళ్ళమే అనుకున్నాం ఇన్నాళ్ళూ. ఎంతమంది ఉన్నారో చూడండమ్మా!"

గొప్ప పోయినందుకు బాధపడతారనుకున్నాను. ఆయనకి దొరికింది వేరే. కులం తెలియని పేరనుకుని దాని వెనక దాక్కున్నాడు మనిషి ఇన్నేళ్ళూ. ఇప్పుడు దాక్కోవలసిన పేరు కాదని తెలిసింది. ఆ రోజు బస్‌స్టాప్ దాకా ఆయనతో నడిచాను. చెక్‌పోస్ట్ దగ్గర రోడ్డు దాటేటప్పుడు కూడా ఏదో గొణుక్కుంటున్నారు. పేర్లు చదివినట్టు చదువుకుంటున్నారు, పళ్ళ డాక్టరు, లెక్కల టీచరు అని.

తరవాతి సినిమాకి నేను కో-డైరెక్టర్ని. ఆయనకి కంటిలో శుక్లాలు, ఇదే ఆఖరు సినిమా అనుకున్నారు. జాబితా నా చేతికిస్తూ, ఖాళీగా ఉన్న ఆ వరస మీద వేలు పెట్టారు.

"ఈసారి ఇంటిపేరుతో వేయండమ్మా. పూర్తిగా."

ముప్పై ఏళ్ళలో తెరమీద ఆయన తనకోసం అడిగింది అదొక్కటే. "అయ్యో, అదెంత పనండీ," అన్నాను. నా చేత్తోనే రాశాను.

సెన్సారుకి పంపే ముందురోజు ఉదయం నిర్మాతగారు టైటిల్స్ చూశారు. గదిలో నలుగురైదుగురం ఉన్నాం. ఆ వరస దగ్గర ఆపించారు.

"ఎవడమ్మా ఈ వెబరు? ఫారిన్ వాణ్ణి పెట్టామా మనం?"

ఎవరో నవ్వారు. "కాదండీ, మన టైటిల్స్ ఆయనే," అన్నాను.

"ఆయనా! ఆయన ఇంటిపేరు ఇదేంటి? ఏమిట్లు, ఎవరివాళ్ళు?"

గదిలో అందరూ నావైపు తిరిగారు. చెబితే ఏమయ్యేది? కొంపలేమీ మునిగేవి కాదు. వెబర్ అంటే నేతవాళ్ళండీ, వాళ్ళ ముత్తాత నేసేవాడు, పేరు ఆయన అడిగినట్టే ఉంటుంది, అంటే సరిపోయేది. అయితే ఆ తరవాతి సినిమాకి నన్నే డైరెక్టరుగా అనుకుంటున్నారని లోపాయికారీగా మాట వినబడుతోంది. నాకు వేసే కుర్చీ నాకు కళ్ళముందు కనబడింది.

"పొరపాటున పడిందండీ. తీయించేస్తాను," అన్నాను.

పొరపాటున! ఆయన జీవితంలో ఏ పేరూ పొరపాటున వేయలేదు. ఆయన కులం బయటపడకుండా కాపాడాననీ, మంచే చేశాననీ ఆ పూటంతా నాకు నేను చెప్పుకున్నాను. పిరికితనానికి సాకులు వెతకనక్కర్లేదు, అవే తోసుకొస్తాయి. ఆ డైరెక్షన్ కూడా నాకు రాలేదు, అది వేరే సంగతి. వచ్చి ఉంటే ఇంకా అసహ్యంగా ఉండేది.

ఆయనకి ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. ప్రివ్యూకి కూతుర్ని తీసుకొచ్చారు, ఎప్పుడూ లేనిది. చివరి పేర్లు మొదలవగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. నేను వెనక వరసలో ఉన్నాను. ఆ వరస వచ్చింది. ఒక్క పేరే, తల తెగిన పేరు. వాళ్ళమ్మాయి ఆయనవైపు చూసింది. ఆయన కదలలేదు. మిగతా పేర్లన్నీ వెళ్ళేదాకా అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

బయట మెట్ల మీద నా దగ్గరికి వచ్చారు. నేను ఏదో మొదలుపెట్టబోయాను.

"బాగా వచ్చాయమ్మా. ఎవరి పేరూ పోలేదు," అన్నారు.

నన్ను క్షమించి అన్నారో, శుక్లాల వల్ల కనబడలేదో, లేక తన పేరుని ఆ లెక్కలో ఎప్పుడూ వేసుకోలేదు కాబట్టి నిజంగానే అన్నారో, నాకిప్పటికీ తెలియదు. తెలుసుకునే ధైర్యం లేక ఫోన్ చేయడం మానేశాను. రెండేళ్ళు.

ఆదివారం మోతీనగర్ వెళ్ళాను. కూతురు కాఫీ ఇచ్చి, బైబిలు అట్టలోంచి ఒక కాగితం తీసింది. ఆయన చేతిరాత, ఎప్పటిలాగే వరసలు కొట్టి ఉంది. పైన "సమాధి పలక మీద వేయవలసినవి" అని. పుట్టిన ఊరు, తేదీ, బైబిలు వాక్యం ఏదో, భార్య పేరు, కూతురి పేరు, అల్లుడి పేరు, మనవరాలి పేరు, ఎవరినీ మర్చిపోలేదు. అన్నిటికంటే పై వరసలో "పేరు" అని ఉండి, దాని ఎదురుగా గీత. పక్కన ఎర్ర పెన్నుతో నా పుట్టింటి పేరుతో నా పేరు, దాని వెంటే ఆ మాట. "అమ్మగారిని అడగవలెను."

"సినిమావాళ్ళంతా నాన్నని ఆ ఒక్క పేరుతోనే ఎరుగుదురు కదా ఆంటీ. అలాగే వేయిద్దామా? మీరెలా అంటే అలా," అంది.

పెన్ను ఇమ్మన్నాను. ఇంటిపేరు ముందు రాశాను, తరవాత పేరు. నా రాత గీత దాటి కిందికి పోయింది. ఆ అమ్మాయి దాన్ని చదువుకుని, కాగితం గుండెకి ఆనించుకుంది. నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చాల్సి వచ్చింది, అదీ నా నిర్వాకం.

మర్నాడు ఇద్దరం కలిసి ఎర్రగడ్డ అవతల సమాధి పలకలు చెక్కే అతని దగ్గరికి వెళ్ళాం. అతను కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గిదేం ఇంటిపేరు మేడమ్? గిట్లాంటిది ఎన్నడు చెక్కలే. ఎవరోళ్ళు వీళ్ళు?"

ఆ అమ్మాయి తల దించుకుంది. అదే ప్రశ్న. ఈసారి గదిలో నిర్మాత లేడు, కుర్చీ లేదు.

"వెబర్," అన్నాను. "బట్టలు నేసేవాళ్ళ ఇంటిపేరు. వీళ్ళ ముత్తాత నేసేవాడు. జర్మనీలో వీధికి నలుగురు ఉంటారు. పెద్ద అక్షరాలతో చెక్కు."

"అట్లనా," అన్నాడతను. అంతే. సుద్దముక్కతో రాతి మీద గీత కొట్టుకుని, ఉలి తీసుకున్నాడు. ఇంత సులువైన మాటని నేను రెండేళ్ళు మోశాను.

ఎండ ఎక్కింది. రాతి పొడి చెప్పుల మీద పడుతోంది. ఆలస్యమయ్యేట్టుందని అతను లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా పక్కన వేశాడు, దుమ్ము కూడా తుడిచాడు. నేను కూర్చోలేదు. చేతులు కట్టుకుని, చివరి అక్షరం అయ్యేదాకా నిలబడ్డాను.